తగాదా తీర్చేదెవరు?
(ఉగాది సభలో చేసిన ఉపన్యాసము)

పావగడ తాలూకాలో పెద్దమనుషుల పంచాయితీ ఎరుగని వారు మనలో లేరు. వేరుశనగ తూకంలో తేడా వచ్చినా, పొలం గట్టు జరిగినా, ఇరుపక్షాలూ ఒప్పుకొన్న మనిషి మాటే తీర్పు. వర్తక తగాదాలకు 1996 నాటి చట్టం చూపే మధ్యవర్తి పద్ధతి కూడా ఇంచుమించు ఇట్టిదే. ముందుగా వ్రాతపూర్వకమైన ఒప్పందం ఉండవలెను. తీర్పు కోర్టు డిక్రీవలె అమలగును.

పన్ను మాట వేరు. పన్ను వేయుట సర్కారు అధికారము. మధ్యవర్తి చేతికి రాదు. అయినా విదేశీ కంపెనీలకు దేశాల నడుమ ఒడంబడికల దారి దొరికినది. పాత లావాదేవీలకు కూడా పన్ను తగిలేటట్లు 2012లో చట్టం సవరించగా, వొడాఫోన్, కెయిర్న్ కంపెనీలు 2020లో అంతర్జాతీయ మధ్యవర్తుల వద్ద గెలిచినవి. 2021లో పార్లమెంటు ఆ పాత పన్నును వదులుకొన్నది. మన కిరాణా వర్తకునికి ఆ తలుపు లేదు. నాకిది సబబుగా తోచదు.

తిరుమణి వైపు సోలార్ పార్కుకు మనవారి భూములు కౌలుకు పోయినవి గదా! పత్రంలో రూపాయల అంకె అందరూ చూస్తారు. తగాదా వస్తే ఎవరు తీర్చాలి, ఎక్కడ తీర్చాలి అన్న పేరా ఎవరూ చూడరు. (మా రైల్వే రసీదు వెనుక షరతులకూ అదే గతి!) పండుగకు ఊరు వెళ్లినప్పుడు పెట్టెలోని పత్రం తీసి ఆ పేరా చదివించుకోండి. సర్కారు సంస్థ తానొక్కటే మధ్యవర్తిని నియమించే షరతు చెల్లదని, రైల్వే విద్యుదీకరణ సంస్థ కేసులోనే 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చినది.