చెరువు కట్టే ప్రయోగశాల

 

కాలేజీల్లో పర్యావరణ శాస్త్రాన్ని ఆరుబయట ఎలా నేర్పాలన్నది ఈనాటి సదస్సు చర్చాంశం. దీనికి వరంగల్ దగ్గరి హసన్‌పర్తి తగిన చోటే. చెరువు ఉంది, ఎర్రగట్టు గుట్ట ఉంది, ఇంజనీరింగ్ కాలేజీలూ ఉన్నాయి. కొరత వసతులది కాదు, వాటిని కలిపే అలవాటుది.

ఈ సబ్జెక్టు మన కాలేజీల్లోకి కోర్టు తీర్పుతో వచ్చింది. న్యాయవాది ఎం.సి. మెహతా కేసులో 1991 నవంబరులో సుప్రీంకోర్టు పర్యావరణ విద్య తప్పనిసరి అంది. 2003లో మరోసారి గట్టిగా చెప్పింది. ఆ కోర్టు ఆదేశాల మేరకు డిగ్రీ విద్యార్థులందరికీ యూజీసీ ఆరు నెలల పాఠ్యప్రణాళిక తెచ్చింది. అందులో 100 మార్కులకు 25 క్షేత్ర పనికే కేటాయించింది. ఆ 25 మార్కులకు మనం చేయించినదేమిటి? చాలాచోట్ల సీనియర్ల రికార్డు జిరాక్స్ సెంటర్ మీదుగా జూనియర్లకు చేరింది. కాస్త శ్రద్ధ ఉన్నచోట పాకాలకో లక్నవరానికో బస్సు కట్టారు. కాకతీయుల చెరువులు చూడవలసినవే. కానీ ఒక్క పూట చూసి వస్తే అది విహారయాత్ర. నీళ్లలో వచ్చే మార్పు ఒక్క పూటలో తెలియదు.

ఉదాహరణకు ఒక్క పరీక్ష చెబుతాను. నీళ్లలో కరిగిన ప్రాణవాయువును కొలిచే పద్ధతిని హంగరీ రసాయనవేత్త వింక్లర్ 1888లో చెప్పాడు. గాలి బుడగ మిగలకుండా సీసా నింపాలి. మాంగనీస్ సల్ఫేటు, ఆ వెంటనే క్షారం కలిపిన అయొడైడు ద్రావణం కట్ట మీదే పోయాలి. గోధుమ రంగు మడ్డి దిగితే ప్రాణవాయువు ఉన్నట్టు. తెల్లగానే ఉండిపోతే లేనట్టే. కాలేజీకి వెళ్లాక చూద్దామంటే సీసాలోని నీరు మారిపోతుంది. ఇదే పరీక్ష తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చేయించండి. నాచు నిండిన చెరువులో రెండు లెక్కలకూ పొంతన ఉండదు. పగలు నాచు వదిలిన ప్రాణవాయువును రాత్రి ఆ నాచూ చేపలూ కలిసి వాడేసుకుంటాయి. కిరణజన్య సంయోగక్రియను ఇక బట్టీ పట్టనక్కర్లేదు.

కట్ట మీద మరో గురువూ దొరుకుతాడు, మత్స్యకారుడు. కొర్రమీను పైకి వచ్చి గాలి పీలుస్తుందని వల వేసేవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. కాబట్టి వలలో కొర్రమీను పడిందని చెరువు బాగున్నట్టు కాదు. మిగతా చేపలు ఏమయ్యాయని అడగాలి. తూము ఎప్పుడు తీస్తారో, ఏ ఏడు మత్తడి దూకిందో, శిఖం భూమిలో ఇళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఊరివాళ్లను అడిగి రాసుకోవాలి. బతుకమ్మకు కోసే గునుగు, తంగేడు ఈ ఏడు ఎంత దూరం వెళితే దొరికాయన్నది కూడా లెక్కే.

అందుకే ఈ సదస్సు ముందు నా ప్రతిపాదనలు మూడు. ఒకటి, ప్రతి కాలేజీ దగ్గర్లోని ఒక్క చెరువునే ఎంచుకోవాలి. ఏటా అవే చోట్ల, అవే నెలల్లో, అవే పద్ధతుల్లో కొలవాలి. రెండు, ప్రతి బ్యాచ్ పాత బ్యాచ్ లెక్కల పక్కన తన లెక్కలు రాసి, తేడా ఎందుకొచ్చిందో వివరించాలి. మార్కులు ఆ వివరణకే వేయాలి. మూడు, రికార్డు తెలుగులో కూడా ఉండాలి. దాని ప్రతి మత్స్యకారుల సంఘానికీ, 2002 జీవవైవిధ్య చట్టం కింద స్థానిక సంస్థల జీవవైవిధ్య కమిటీలు రాయాల్సిన జీవవైవిధ్య రిజిస్టరుకూ అందాలి.

ఖర్చు పెద్దగా లేదు. టైంటేబుల్లో ఒక ఉదయం ఖాళీ చేయాలి, అంతే. ఆ మాట ప్రిన్సిపాళ్లు ఈ వేదిక మీదే ఇస్తే, ఈ వానాకాలం నుంచే మొదలుపెట్టవచ్చు. ఇక పత్ర సమర్పకులను ఆహ్వానిస్తున్నాను.