భుజాన సంచి వేసుకొని సింహళయాత్ర
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు నాలుగు మాటలు చెప్పమని సంఘమువారు మమ్ములను ఆజ్ఞాపించారు. మేము పండితులము కాము. మెట్రిక్ వరకు చదివి, రైల్వేలో గుమాస్తా పని చేసుకొనేవారము. అయితే 2025 మే నెలలో మేము నలుగురము స్నేహితులము భుజాన తలా ఒక సంచి వేసుకొని సముద్రము దాటి సింహళము చూచి వచ్చాము. ఆ సంగతులు చెప్పమన్నారు గనుక సాహసించి నిలబడ్డాము.

విదేశయాత్ర అనగానే లక్షలు కావాలని మనవారు అనుకొంటారు. మేము విమానము ఎక్కలేదు. పెద్ద హోటలు గడప తొక్కలేదు. మా సంచిలో రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, ఒక చెంబు, పులిహోర పొడి, స్నేహితుల ఇండ్లకు ఇవ్వడానికి మన సక్కంపట్టి నేత చీరలు. ఉదయము చూడవలసినవి చూడడము, సాయంత్రము తెలిసినవారి ఇల్లు చేరడము, ఇదే మా పద్ధతి. ముందుగా ఉత్తరము వ్రాసుకొన్నవాడికి ఏ దేశములోనైనా ఒక చాప, ఒక పూట అన్నము దొరుకుతాయని మాకు తెలిసివచ్చింది.

మా పెద్దల కాలములో ఈ ప్రయాణము ఇంకా సులువు. 1914లో పాంబన్ వంతెన తెరిచారు. అప్పటినుంచి బోట్ మెయిలులో ధనుష్కోటి చేరి, స్టీమరు మీద తలైమన్నారు దిగి, మళ్ళీ రైలెక్కి కొలంబో పోయేవారు. మద్రాసులో తీసిన ఒకే టిక్కెట్టు కొలంబో దాకా చెల్లేది. 1964 డిసెంబరు తుఫానులో ధనుష్కోటి కొట్టుకుపోయింది. పాంబన్ నుంచి పోతున్న రైలు కూడా ప్రయాణికులతో సహా సముద్రము పాలయింది. తరువాత రామేశ్వరము నుంచి నడిచిన ఓడ కూడా 1980 దశకము మొదట్లో ఆగిపోయింది. చాలా ఏండ్లకు, 2023 అక్టోబరులో, నాగపట్టణము నుంచి కాంకేశన్‌తురైకి ఓడ మొదలయింది. మేము దానిమీదనే పోయాము.

మన ఆండిపట్టి రైలు కథ కూడా ఇట్లాంటిదే గదా! మీటరు గేజి బండి 2010 చివర ఆగిపోతే, పెద్ద గేజి బండి 2022 మే నెలలో గాని తేని దాకా రాలేదు. అవతల కాంకేశన్‌తురై స్టేషనులో దిగగానే పట్టాల వెడల్పు చూచాము. మనదే, అయిదున్నర అడుగులు! యుద్ధము వల్ల 1990లో ఆగిన రైలు 2014లో జాఫ్నాకు, 2015లో కాంకేశన్‌తురైకి తిరిగి వచ్చిందట. ఆ పట్టాలు వేసినది మన దేశపు ఇర్కాన్ సంస్థ. రైల్వే ఉద్యోగులము గనుక మాకు కొంచెము గర్వము కలిగింది.

జాఫ్నాలో ఒక మాస్టారు ఇంట దిగాము. మాలో ఒకరికి తపాలాబిళ్ళలు సేకరించే అలవాటు. ఆ వంకతో పదేండ్లుగా వారిద్దరికీ ఉత్తరాల స్నేహము. మాస్టారు మమ్ములను మొదట తీసుకుపోయినది కోటకు కాదు, గుడికి కాదు, గ్రంథాలయానికి. 1981లో ఆ గ్రంథాలయాన్ని తగులబెట్టారు. సుమారు 97,000 పుస్తకాలు, వాటితో తాటాకు ప్రతులు, బూడిదయినాయి. తిరిగి కట్టి 2003లో తెరిచారు. "ఇల్లు కట్టుకోవచ్చునండీ, ఆ తాటాకులు మళ్ళీ వ్రాయలేము" అని మాస్టారు తమిళములో అన్నారు. మాకు ఏమి చెప్పాలో తోచలేదు.

అక్కడినుంచి రైలులో అనురాధపురము. మేము పోయినది వైశాఖ పూర్ణిమనాటికి. వీధి వీధినా కాగితపు దీపాలు. దారిన పోయేవారిని ఆపి అన్నము పెట్టే పందిళ్ళు. వాటిని వారు దన్సల అంటారు. మన దానశాలయే! జేబులో చెయ్యి పెట్టకుండా ఆ రోజు మూడు పూటలా భోంచేశాము. బోధివృక్షము క్రింద కూర్చున్నప్పుడు నాగార్జునకొండ జ్ఞాపకము వచ్చింది. అక్కడి మూడవ శతాబ్దపు శాసనములో సింహళ విహారము ప్రస్తావన వున్నది. అంటే ఆ నాటికే కృష్ణాతీరానికీ ఈ దీవికీ రాకపోకలు వున్నాయన్న మాట. మనము చేసినది క్రొత్త ప్రయాణము కాదు.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచినది రెండు చోట్ల సంగతి.

మొదటిది కండి నగరము. మన మదురలో తిరుమల నాయకుని మహలు చూడని పిల్లవాడు వుండడు. కాని మదుర నాయకుల బంధువర్గమువారు కండిలో సింహాసనమెక్కినారని ఎందరికి తెలుసు? అక్కడి రాజులు మదుర నుంచి కన్యలను తెచ్చుకొనేవారు. 1739లో నరేంద్రసింహుడు వారసుడు లేకుండా మరణించగా, మదుర నుంచి వచ్చిన రాణి సోదరుడు శ్రీ విజయ రాజసింహుడనే పేరుతో రాజైనాడు. ఆయన తరువాత కీర్తి శ్రీ రాజసింహుడు, రాజాధి రాజసింహుడు, శ్రీ విక్రమ రాజసింహుడు. నలుగురు రాజులు, 76 సంవత్సరాలు. కీర్తి శ్రీ రాజసింహుడు 1753లో సయాము నుంచి భిక్షువులను రప్పించి అక్కడి బౌద్ధసంఘాన్ని మళ్ళీ నిలబెట్టాడు. దంతధాతువును ఊరేగించే ఉత్సవము నేటి రూపములో ఆయన కాలము నుంచే జరుగుతున్నది. శ్రీ విక్రమ రాజసింహుడు త్రవ్వించిన చెరువు, కట్టించిన ఎనిమిది పలకల మంటపము నేటికీ కండికి అందము.

1815లో ఇంగ్లీషువారు ఆ చివరి రాజును పట్టుకొని, తరువాత వేలూరు కోటకు పంపించారు. అక్కడనే 1832లో కాలము చేశాడు. తిరిగి వచ్చిన తరువాత మేము కాట్పాడి దాకా రైలులో పోయి పాలారు గట్టున ఆయన సమాధి కూడా చూచాము. ఆయన సింహాసనము, కిరీటము 1934లో సింహళానికి తిరిగి యిచ్చారు. అవి కొలంబో మ్యూజియములో వున్నాయి. ఆ దేశపు జెండా మీది సింహము కూడా కండి రాజుల జెండాలోనిదే. ఇంత వైభవము వున్న కండిలో మేము రెండు రోజులు తిరిగాము. తెలుగు మాట ఒక్కటి మా చెవిని పడలేదు.

రెండవ చోటు తంబుత్తేగమ. అనురాధపురానికి దక్షిణాన చిన్న స్టేషను. ఆ ప్రాంతములో కుడాగమ అనే పల్లె వున్నది. అక్కడివారిని సింహళీయులు అహికుంటికులు అంటారు. పాములను ఆడించేవారని అర్థము. మగవారు పాములను ఆడించి, ఆడవారు చెయ్యి చూచి జోస్యము చెప్పి, తాటాకు గుడిసెలు వేసుకొంటూ, గాడిదల మీద సామాను పెట్టుకొని ఊరూరా తిరిగిన జాతి. ఇప్పుడు చాలామంది ఊళ్ళలో స్థిరపడ్డారు. వారి ఇంటి భాష తెలుగు!

జాఫ్నా మాస్టారి పరిచయస్థుడు ఒకాయన మమ్ములను అక్కడికి తీసుకుపోయాడు. ఒక ముసలావిడ ముంగిట కూర్చొని వున్నది. మేము, "అవ్వా, కాసిని నీళ్ళు ఇస్తావా?" అన్నాము. ఆవిడ మా ముఖము వంక చూచి, లోపలికి పోయి నీళ్ళు తెచ్చి, "మీదే వూరు నాయనా?" అని అడిగింది. ఆండిపట్టి ఆవిడకు తెలియదు, ఆంధ్రదేశము పేరూ తెలియదు. "వూరు తెలియకపోతే ఏమి, మాట మాదే" అన్నది. ఆమె మాటలో కొన్ని మాకు తెలియలేదు, మా మాటలో కొన్ని ఆమెకు తెలియలేదు. అయినా గంటసేపు మాట్లాడుకొన్నాము. మాలో మగ్గము నేసే మిత్రుడు తన సంచిలోని చివరి చీర ఆమె చేతిలో పెట్టాడు.

అయితే అక్కడ ఆడుకొంటున్న మనుమలను పలకరిస్తే వారు సింహళములో జవాబు చెప్పారు. బడిలో సింహళము, బజారులో సింహళము; పిల్లలకు అది సహజమే. "మా తరువాత ఎవరు మాట్లాడతారో" అన్నది అవ్వ.

ఆ మాట విన్నప్పుడు మా నలుగురికీ మన వీధులే కళ్ళముందు మెదిలాయి. మన తాతలు ఈ వైగై లోయకు వచ్చి ఎన్ని తరాలో అయింది. తమిళము మనకు అన్నము పెట్టిన భాష, దానిని ప్రేమించవలసినదే. మనము లెక్కలు వ్రాసేది, ఉత్తరాలు వ్రాసేది తమిళములోనే. కాని ఇంట్లో అమ్మతో మాట్లాడేది తెలుగు. ఇప్పుడు మన ఇండ్లలోనూ అవ్వ తెలుగులో పిలిస్తే మనుమడు తమిళములో పలుకుతున్నాడు. అవ్వకు అక్షరాలు రావు, మనుమడికి మాట రాదు. మధ్యన మనము వున్నాము.

రాజ్యము వున్నంతమాత్రాన భాష నిలువదని కండి చెప్పింది. పాముల బుట్ట తప్ప ఆస్తి లేనివారి ఇంట కూడా భాష నిలుస్తుందని కుడాగమ చెప్పింది. నిలిపినది శాసనము కాదు, సింహాసనము కాదు. బిడ్డకు అన్నము కలిపి పెడుతూ తల్లి ఆడిన మాట. ఆ మాట ఒక్క తరము ఆగితే మళ్ళీ అందుకోవడము కష్టము.

కనుక పెద్దలకు మా మనవి రెండే. ఇంట్లో పిల్లలతో తెలుగే మాట్లాడండి. వారు తమిళములో జవాబు చెప్పినా మీరు తెలుగు మానవద్దు. ఆదివారము ఒక గంట పిల్లలను ఈ సంఘము గదికి పంపండి, మాకు వచ్చిన అక్షరాలు మేము నేర్పుతాము. అవ్వలు చెప్పే సామెతలు, వంటల పేర్లు, ప్రయాణపు కథలు ఆ పిల్లల చేతనే ఒక నోటుపుస్తకములో వ్రాయిద్దాము.

ఇక యువకులకు ఒక మాట. వీలైనప్పుడు సంచి భుజాన వేసుకొని బయలుదేరండి. హట్టన్ తేయాకు తోటలలో మన స్నేహితుల బంధువులు వున్నారు. 1964 ఒప్పందము తరువాత కొందరు ఇటు వచ్చారు, కొందరు అక్కడే వుండిపోయారు. మేము వారింట ఒక రాత్రి గడిపాము. మరునాడు ఆరువేల అడుగులకు పైన నడిచే కొండరైలు కూడా ఎక్కాము. మీరు పోతే వారి తలుపు మీకూ తెరిచే వుంటుంది. పోయేముందు మాత్రము ఒక ఉత్తరము వ్రాయండి.