అడవి లెక్కల్లో మన చేయి కూడా ఉండాలి
(సంఘం శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



2021లో తెలుగు పల్లెల్లో వేపచెట్లు కొనల నుంచి ఎండుతూ వచ్చాయి. ముందుగా చూసింది గట్ల మీద తిరిగే మనమే. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ కారణమని శాస్త్రవేత్తలు చెప్పారు. చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. కానీ ఏ ఊళ్లో ఏ వారం మొదలైంది? ఆ వారం వాన ఎంత, చలి ఎంత? ఇవి చెప్పడానికి మన దగ్గర రాతలో ఏమీ లేదు.

రాసిపెట్టిన లెక్కకు ఉన్న బలం చూడండి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ తన పొలాల దిగుబడినీ, రోజువారీ ఉష్ణోగ్రతలనూ ఏళ్ల తరబడి నమోదు చేసింది. రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే ఎండాకాలపు వరి దిగుబడి సుమారు 10 శాతం తగ్గుతోందని 2004లో తేలింది. పగటి ఎండ గురించే మాట్లాడుకునే మనకు రాత్రి వేడి చేసే నష్టం అలా తెలిసింది.

అడవిలోనూ ఇంతే. తమిళనాడులోని ముదుమలైలో భారతీయ విజ్ఞాన సంస్థ 1988లో 50 హెక్టార్ల అడవిని ఎంచుకుంది. ఒక సెంటీమీటరు మందం దాటిన ప్రతి చెట్టుకూ నంబరు వేసి, ఏది పెరిగింది, ఏది చచ్చింది, ఏది కొత్తగా మొలిచింది అని నేటికీ లెక్క చూస్తున్నారు. కరువు, కార్చిచ్చు, ఏనుగులు ఏ చెట్టును ఎంత దెబ్బతీస్తాయో అలాంటి చోటే తెలుస్తుంది. కేరళలోనైతే బడిపిల్లలు 'సీజన్‌వాచ్' కింద వారం వారం చెట్ల చిగురు, పూత, కాయ రాస్తున్నారు.

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే వరి, పత్తి, వేరుశనగ లాంటి పైర్లు కొంత ఏపుగా పెరుగుతాయి. జొన్న, మొక్కజొన్నలకు ఆ లాభం తక్కువ. అయితే వరి గింజలో మాంసకృత్తులు తగ్గుతాయి. వేడి, బెట్ట తోడైతే ఏపు కూడా మిగలదు. మరి మన ఇప్ప, తునికి, చింత, మోదుగ ఏం చేస్తాయి? ఇప్పపువ్వు రాలే రోజులు, తునికాకు కోసే రోజులు మారితే ఆదివాసీ కుటుంబానికి ఆ ఏటి కూలి మారుతుంది. ఈ ప్రశ్నలకు మన నేల మీదే జవాబులు వెతకాలి.

మామిడి రైతుకూ ఇది పొట్టకూటి విషయమే. వాతావరణ ఆధారిత బీమాలో పరిహారం కట్టేది స్టేషన్‌లో నమోదైన వాన, ఎండలను బట్టి. మన తోటలో రాలిన పూతను బట్టి కాదు. పూత లెక్క మన దగ్గర ఉంటేనే అడగడానికి ఆధారం ఉంటుంది.

అవకాశాలు మన చుట్టూ ఉన్నాయి. సిద్దిపేట జిల్లా ములుగులో అటవీ కళాశాల ఉంది. హైదరాబాద్ దూలపల్లిలో అటవీ జీవవైవిధ్య సంస్థ, సంతోష్‌నగర్‌లో మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ క్రీడా ఉన్నాయి. చదువుకున్న మన బిడ్డలు అక్కడికి వెళ్లాలి. చదువు ఆగిపోయినవాళ్లకూ చెట్టును గుర్తుపట్టే కన్ను ఉంది. పరిశోధనకు ఆ కన్ను కావాలి.

అందుకే మనం అడుగుతున్నవి:

1. అడవిలో పరిశోధన జరిగే చోట స్థానిక యువతకు శిక్షణ, న్యాయమైన వేతనం ఇవ్వాలి.

2. ఫలితాలను తెలుగులో గ్రామసభ ముందు పెట్టాలి.

3. జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానంపై 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించిన సామూహిక హక్కును గౌరవించాలి.

4. వాతావరణ మార్పు పేరు చెప్పి పోడు సాగుదారులను భూమి నుంచి తొలగించే ప్రయత్నాలు మానాలి.

మన వంతు పని కూడా ఉంది. ప్రతి గ్రామ కమిటీ ఒక నోటుబుక్కు, ఒక వానమాపకం పెట్టుకోవాలి. ఊళ్లో పది చెట్లు ఎంచుకుని చిగురు, పూత, పిందె, ఆకు రాలిన తేదీలు వారానికోసారి రాయాలి. ఒక్క ఏడాది రాస్తే పెద్దగా ఏమీ తెలియదు. పదేళ్లు రాస్తే ఏ అధికారీ, ఏ కంపెనీ కాదనలేని సాక్ష్యం అవుతుంది. వచ్చే ఉగాది నుంచి మొదలుపెడదాం.