ఖాతా మన పేరున ఉంది, నంబరు ఎవరిది?

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామైక్య సంఘం తరఫున మాట్లాడిన మాటలు)



ఫోన్లో బ్యాంకు పనులు చేసుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేమేమీ కంప్యూటరు చదువులు చదివినోళ్లం కాదు, పదో తరగతితో ఆగినోళ్లం. కానీ ఈ ఏడాదంతా మా ఊళ్లో ఇదే పని మీద ఇల్లిల్లూ తిరిగాం కాబట్టి చూసింది చూసినట్టు చెప్తాం.

ఇదివరకు వాయిదా కట్టాలంటే ఎలా ఉండేదో మీ అందరికీ తెలుసు. ఇద్దరు లీడర్లం డబ్బు కొంగున కట్టుకుని ఆటో ఎక్కితే, బ్యాంకు దగ్గర లైను, తీరా కౌంటరు దగ్గరకు వెళ్లాక సర్వరు లేదు రేపు రమ్మనడం. ఒక రోజు కూలి పోయేది, ఆటో ఛార్జీ పోయేది. దారిలో అంత డబ్బు దగ్గర పెట్టుకుని ఉన్నంతసేపూ గుండె దడ. వాయిదా తేదీ దాటిందంటే వడ్డీ రాయితీకి ఇబ్బంది. ఇప్పుడు పొయ్యి మీద అన్నం పెట్టి అది ఉడికేలోపు వాయిదా కట్టేస్తున్న చెల్లెళ్లు మా ఊళ్లో ఉన్నారు. ఇది చిన్న మార్పు కాదు.

ఇదంతా ఒక్క రోజులో రాలేదు. ఫోను ద్వారా బ్యాంకు సేవలు ఇవ్వడానికి రిజర్వు బ్యాంకు 2008లోనే నిబంధనలు పెట్టింది. 2010లో ఐఎంపీఎస్ వచ్చింది, అంటే ఏ వేళప్పుడైనా అప్పటికప్పుడు డబ్బు పంపడం. 2014లో జన్‌ధన్ ఖాతాలు తెరిచారు. 2016లో యూపీఐ వచ్చాక, కూరగాయల బండి దగ్గర కూడా ఆ నలుపు తెలుపు గళ్ల బొమ్మ కనిపిస్తోంది. అవన్నీ మీకు తెలిసినవే. మేం చెప్పదలుచుకున్నది వేరే ఉంది.

మా సంఘంలో పన్నెండు మందిమి. ఒక మీటింగు రోజున అందరి పాసుపుస్తకాలూ చాప మీద పరిచి, ఎవరి ఖాతాకి ఏ ఫోన్ నంబరు ఇచ్చారో చూశాం. సొంత నంబరు ఉన్నది నలుగురికి. ఐదుగురికి భర్త నంబరు. ఇద్దరికి కొడుకు నంబరు. ఒక అక్క ఖాతాకి ఉన్న నంబరు ఎవరిదో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఖాతా తెరిచిన రోజున పక్కన నిలబడ్డ వాళ్ల నంబరు ఏదో చెప్పారట. అందరం ముఖాలు చూసుకున్నాం.

నంబరుదేముందిలే అనుకుంటాం. అసలు కథంతా దాని దగ్గరే ఉంది. ఫోన్లో బ్యాంకు యాప్ పెట్టగానే అది ఆ సిమ్ము నుంచి బ్యాంకుకి ఒక మెసేజ్ పంపుతుంది. ఆ నంబరు ఏ ఖాతాకి ఉందో చూసి, ఆ ఖాతాని ఆ ఫోనుకి కలుపుతుంది. ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. డబ్బు పడినా, తీసినా కబురు ఆ నంబరుకే. ఇల్లు మన పేరున ఉండి తాళంచెవి ఇంకొకరి మొలతాడుకి వేలాడితే ఎట్లుంటుందో, ఇదీ అంతే.

మా పక్క గ్రూపులో ఒక పెద్దమ్మ ఉంది. ఆవిడ ఖాతాకి హైదరాబాద్‌లో పనిచేసే కొడుకు నంబరు ఇచ్చారు. పింఛను డబ్బుల్లోంచి రెండు వేలు తీసుకుందామని వేలిముద్ర వేసే మిషను దగ్గరకు వెళ్తే, ముద్ర పడలేదమ్మా మళ్లీ పెట్టు అన్నారు. పెట్టింది. రెండు వేలు చేతికిచ్చారు. ఖాతాలోంచి పోయింది మాత్రం నాలుగు వేలు. కొడుకు ఫోనుకి రెండు మెసేజ్‌లూ వెళ్లాయి. అమ్మకి అవసరమై రెండుసార్లు తీసుకుందేమోలే అనుకున్నాడు ఆ అబ్బాయి. అతని తప్పేముంది. రెండు నెలల తర్వాత పాసుపుస్తకం ప్రింటు వేయిస్తే గానీ సంగతి బయటపడలేదు. సంఘమంతా కలిసి పుస్తకం పట్టుకుని వెళ్లి నిలబడితే డబ్బు వెనక్కి వచ్చింది. ఆ మెసేజ్ ఆవిడ చేతిలోని ఫోనుకే వచ్చి ఉంటే? చదవడం రాకపోయినా, రెండుసార్లు టింగుమన్న సంగతి చెవిన పడేది కదా, ఎవరినైనా చదివిపెట్టమనేది.

ఇంకో ఇంట్లో అయితే, బ్యాంకు లింకేజీ రుణంలో తన వాటాగా వచ్చిన డబ్బుతో గేదెను కొందామనుకుంది మా చెల్లెలు. డబ్బు ఆమె సొంత ఖాతాలో పడింది. ఖాతాకి నంబరు ఇంట్లో పిల్లాడిది, ఏటీఎం కార్డు బీరువాలో. కార్డు వెనక్కి ముందుకి తిప్పి చూసి వాడే పిన్ను పెట్టుకున్నాడు. ఏవో ఆటల్లో, కొంచెం కొంచెంగా, పదిహేను రోజుల్లో ముప్పావు వంతు పోయింది. గేదె రాలేదు, వాయిదాలు మాత్రం నెల నెలా వస్తున్నాయి. మూడు నెలలు గ్రూపు వాళ్లం తలా కాస్త వేసి ఆ వాయిదా కట్టాం. గ్రూపు రుణం కదా, ఒకరిది ఆగితే అందరి పేరూ చెడుతుంది.

దీని గురించి ఇంట్లో గొడవ పెట్టుకోమని మేం చెప్పడం లేదు. మొగుళ్ల దగ్గర డబ్బు దాచుకోమనీ కాదు. మీ ఆయనకు చూపించాలనిపిస్తే రోజూ చూపించండి. కానీ మెసేజ్ ముందు మన ఫోనుకి రావాలి, తర్వాత మనం ఆయనకు చూపించాలి. ఇప్పుడు ఆయన ఫోనుకి వస్తోంది, ఆయన చెప్తే మనకు తెలుస్తోంది. మా ఊళ్లో నంబరు మార్చేటప్పుడు ఇద్దరు ముగ్గురు మగవాళ్లు 'మా మీద నమ్మకం లేదా' అన్నారు. 'సంఘం తీర్మానం అయింది, అందరం మారుస్తున్నాం' అన్నాం. తీర్మానం పుస్తకంలో రాసి అందరం సంతకాలు పెట్టడం అందుకే. ఒక్కతే వెళ్లి అడిగితే అది ఇంటి గొడవ అవుతుంది, పన్నెండు మంది వెళ్తే అది పద్ధతి అవుతుంది.

నంబరు మార్చాలంటే బ్యాంకు బ్రాంచికి వెళ్లడం మంచిది. ఆధార్, పాసుపుస్తకం తీసుకెళ్లి కాగితం రాసి ఇవ్వాలి. ఫోన్ చేసి నంబరు మారుస్తామన్న వాళ్లెవరినీ నమ్మొద్దు. ఆధార్‌లో కూడా అదే నంబరు ఉంటే మంచిది. ఎందుకంటే ఏటీఎం కార్డు లేనివాళ్లు కూడా ఆధార్ ఓటీపీతో యూపీఐ పిన్ను పెట్టుకోవచ్చు, కానీ దానికి రెండు చోట్లా ఒకే నంబరు ఉండాలి. ఇంకో ముఖ్యమైన సంగతి. సిమ్ముకి రీచార్జి చేయకుండా నెలల తరబడి పక్కన పడేస్తే కంపెనీ ఆ నంబరు తీసేసి, కొన్నాళ్లకు ఇంకెవరికో ఇచ్చేస్తుంది. మన ఖాతా కబుర్లు ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషికి వెళ్తుంటాయి. అందుకే నంబరు మారిందంటే ముందు బ్యాంకులో చెప్పాలి, చుట్టాలకు తర్వాత చెప్పుకోవచ్చు.

మాది బటన్ ఫోను, మాకివన్నీ ఎందుకు అని కొందరు పెద్దమ్మలు అంటున్నారు. ఉంది పెద్దమ్మా, మీకూ ఉంది. స్టార్, తొంభై తొమ్మిది, హ్యాష్ నొక్కితే నెట్టు లేకుండానే చిన్న ఫోన్లో కూడా బ్యాలెన్సు చూసుకోవచ్చు, ఒకసారికి రూ.5,000 వరకు పంపొచ్చు. 2022లో మార్చి 8న, మన మహిళా దినోత్సవం నాడే, బటన్ ఫోన్ల కోసం యూపీఐ 123పే అని కూడా తెచ్చారు, ఫోన్ చేసి మాట వింటూ నొక్కుకుంటూ పోవడమే. మిస్డ్ కాల్ ఇస్తే బ్యాలెన్సు మెసేజ్ పంపే నంబర్లు చాలా బ్యాంకులకు ఉన్నాయి. ఆ నంబరు బ్యాంకులోనే అడిగి పాసుపుస్తకం అట్ట మీద రాయించుకోండి. నెట్టులో వెతకొద్దు, బ్యాంకు పేరు పెట్టి దొంగ నంబర్లు అక్కడ బోలెడు పడి ఉన్నాయి.

దొంగల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాం. మా ఊళ్లో పచ్చళ్లు పెట్టి అమ్మే అక్కకి ఫోను వచ్చింది. ఇరవై కిలోల ఆవకాయ కావాలి, మాది మిలటరీ క్యాంపు, అడ్వాన్సు పంపుతున్నాం, ఈ బొమ్మ స్కాన్ చేసి మీ పిన్ను నొక్కండి అన్నాడు. అంత పెద్ద బేరం వచ్చేసరికి ఆ అక్క సంబరంలో నొక్కింది. రూ.6,000 పోయింది. ఒక్కటే గుర్తుపెట్టుకోండి: డబ్బు మనకు రావడానికి పిన్ను అక్కర్లేదు. పిన్ను నొక్కామంటే డబ్బు మన దగ్గర నుంచి పోతోందని అర్థం. డబ్బులొస్తాయి పిన్ను నొక్కమ్మా అన్నవాడు ఎవడైనా సరే దొంగే. ఆ అక్క కూతురు వెంటనే 1930కి ఫోన్ చేసింది. కొంత డబ్బు మధ్యలో ఆగి తర్వాత వచ్చింది, మిగతాది పోయింది. సిగ్గుపడి రెండు రోజులు దాచుకుని ఉంటే అదీ వచ్చేది కాదు.

మనకు ఉన్న హక్కులు కూడా తెలుసుకోవాలి. మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా ఎవడో ఖాతాలోంచి డబ్బు లాగేస్తే, మూడు పనిదినాల లోపు బ్యాంకుకి చెప్తే మన మీద నష్టం పడదని రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఉత్తర్వు ఇచ్చింది. మనమే పిన్ను చెప్పేస్తే మాత్రం, బ్యాంకుకి చెప్పేదాకా పోయిందంతా మన నెత్తినే. చెప్పాక పోయేది బ్యాంకుది. అందుకే ముందు ఫోన్ చేయడం, ఏడవడం తర్వాత. ఇంకా 2019లో ఇంకో ఉత్తర్వు ఉంది. యూపీఐలో ఒకరికి పంపిన డబ్బు మన ఖాతాలో కట్ అయి అవతల పడకపోతే మర్నాటికల్లా వెనక్కి రావాలి. అంతకంటే ఆలస్యమైతే రోజుకి రూ.100 చొప్పున బ్యాంకు మనకు కలిపి ఇవ్వాలి. ఫీల్డాఫీసరు గారు ఇక్కడే ఉన్నారు, కాదనరు. (సభలో నవ్వులు.)

చివరిగా సంఘం సంగతి. ఫోన్లో కట్టేశాం కదా అని కొందరు మీటింగుకి రావడం మానేస్తున్నారు. పొదుపు పడింది, పుస్తకంలో రాసుకోండి అని ఫోటో పంపుతున్నారు. దీనికి మేం ఒప్పుకోవడం లేదు. పంచసూత్రాల్లో మొదటిదే మీటింగు. డబ్బు ఫోన్లో వస్తుంది గానీ, ఎవరింట్లో జబ్బు, ఎవరి ముఖం వాడిపోయింది, ఎవరు బయట వడ్డీకి తెచ్చుకున్నారు అన్నది ఫోన్లో రాదు. గేదె డబ్బు పోయిన చెల్లెలి సంగతి మాకు తెలిసింది కూడా మీటింగులోనే, అదీ ఆ చెల్లెలు నోరు విప్పి చెప్పలేదు, పక్కనున్న వాళ్లు కళ్లు చూసి పట్టుకున్నారు.

మేం పెట్టుకున్న పద్ధతి ఇది. సభ్యురాలు తన ఖాతా నుంచి నేరుగా సంఘం ఖాతాకే పంపాలి. లీడరు సొంత ఫోనుకి ఎవరూ ఒక్క రూపాయి వేయకూడదు, ఆ లీడరు ఎంత మంచిదైనా సరే. రేపు ఒక మాట పడకుండా ఉండాలంటే ఇదే దారి. పంపినప్పుడు వచ్చే పన్నెండు అంకెల నంబరు మీటింగులో చెప్పాలి, ఆ నంబరు పుస్తకంలో ఎక్కాలి. నెలాఖరుకి సంఘం పాసుపుస్తకం ప్రింటు వేయించి అందరి ముందూ సరిచూడాలి. అవతలి మనిషి ఫోనులో చూపించే ఫోటో మీద సంతకం పెట్టొద్దు. ఫోటోలు చేసేవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు మండల సమాఖ్యని మేం అడిగేది ఒక్కటే. ప్రతి గ్రామైక్య సంఘంలోనూ పాసుపుస్తకాలు ముందేసుకుని నంబర్లు చూసే పని ఈ మూడు నెలల్లో పూర్తి చేయించండి. మా ఊళ్లో ఇంకా ఆరు గ్రూపులు మిగిలాయి, మేం తిరుగుతాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక బయట వరండాలో బల్ల వేసుకుని కూర్చుంటాం. పాసుపుస్తకం తెచ్చుకున్న వాళ్లు రండి, మీ ఖాతాకి ఏ నంబరు ఉందో చూడటం ఎలాగో చూపిస్తాం. మీ ఫోను మీరే పట్టుకోండి, మా చేతికివ్వొద్దు. పిన్ను నొక్కేటప్పుడు మేం అటు తిరుగుతాం.