తీర్పు ఒక్కసారి చాలదా?

(స్మారకోపన్యాస పాఠం)



ఎవరి జ్ఞాపకార్థం మనం ఇక్కడ చేరామో ఆ వకీలు సాబ్ పేరు లా రిపోర్టుల్లో వెతికితే దొరకదు. ఆయన పనంతా కింది కోర్టుల్లో సాగింది. భరణం కేసులు, బెయిలు అర్జీలు, కిరాయి ఇళ్ళ తగాదాలు ఆయన వృత్తి. అందుకని ఢిల్లీలో ఈ నాలుగైదేళ్ళలో వెలువడిన కొన్ని తీర్పులను ఆయన పని చేసిన చోట నిలబడి చూద్దామనుకున్నాను.

వాటిలో రెండు రకాల కేసుల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. ఒకటి భర్త మీద భార్య నడిపిన కేసు, అంటే భరణం. రెండోది భర్త కోసం భార్య నడిపిన కేసు, అంటే ముందస్తు నిర్బంధానికి వాడే పీడీ యాక్టు. రెండూ మూసీ ఒడ్డున ఉన్న మన హైకోర్టు మెట్లెక్కి, అక్కడి నుంచి ఢిల్లీ వెళ్ళినవే. రెండింటిలోనూ సుప్రీంకోర్టు కొత్తగా కనిపెట్టి చెప్పినది తక్కువ. ఇదివరకే చెప్పింది, మళ్ళీ చెప్పవలసి వచ్చింది. నన్ను కలవరపెడుతున్నది ఆ మళ్ళీ చెప్పవలసి రావడమే. ఈ రెండు రకాల కొత్త కేసుల్లో ఉన్న కుటుంబాల పేర్లు తీర్పుల మీద అచ్చయి ఉన్నాయి. నేను చెప్పను. వాళ్ళ కాపురాలు వాళ్ళవి, మనకు కావలసింది చట్టం.

2024 జులై 10న జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ ఆగస్టిన్ జార్జ్ మసీహ్ విడివిడిగా రాసి ఒకే మాట మీద నిలిచారు. విడాకులైన ముస్లిం మహిళ కూడా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద భరణం అడగవచ్చు. కేసు మన రాష్ట్రానిదే. ఫ్యామిలీ కోర్టు నెలకు 20,000 మధ్యంతర భరణం ఇమ్మంది. హైకోర్టు 2023 డిసెంబరులో దాన్ని 10,000కు తగ్గించింది. ఆ పదివేలు కూడా ఇవ్వనక్కరలేదని భర్త సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. ముస్లిం మహిళలకు 1986లో ప్రత్యేక చట్టం వచ్చింది కాబట్టి 125 వాళ్ళకు వర్తించదన్నది ఆయన వాదన. కోర్టు ఒప్పుకోలేదు. ఆ చట్టం అదనంగా వచ్చిన హక్కే గాని ఉన్నదాన్ని ఊడబెరికేది కాదని తేల్చింది.

ఇది మొదటిసారి చెప్పిన మాటా? 1978లో జస్టిస్ కృష్ణయ్యర్, తలాక్ నాడు ముట్టిన మెహర్ బతకడానికి చాలనప్పుడు భరణం హక్కు పోదన్నారు. 1985 ఏప్రిల్ 23న షాబానో కేసులో అయిదుగురు న్యాయమూర్తులు అదే ఖాయం చేశారు. ఆమె ఇండోర్ మనిషి. అరవై దాటిన వయసులో భర్త వదిలేశాడు, ఆయన స్వయంగా వకీలు. మేజిస్ట్రేటు ఆమెకు ఇప్పించింది నెలకు 25 రూపాయలు. హైకోర్టు 179 రూపాయల 20 పైసలు చేసింది. ఆ డబ్బు మీద దేశమంతా రగిలింది, పార్లమెంటు 1986లో చట్టం తెచ్చింది. షాబానో తరఫున నిలబడిన న్యాయవాది డేనియల్ లతీఫీ ఆ చట్టాన్నే సవాలు చేశారు. 2001లో మరో అయిదుగురు న్యాయమూర్తులు చట్టాన్ని నిలబెడుతూనే దానికి అర్థం చెప్పారు: తలాక్ తర్వాతి ఇద్దత్ మూడు నెలల్లో ఇవ్వవలసింది ఆ మూడు నెలల తిండి ఖర్చు కాదు, ఆమె మిగిలిన జీవితానికి సరిపడే ఏర్పాటు. 2009లో మళ్ళీ, ఇద్దత్ దాటాక కూడా పెళ్ళి చేసుకోనంతవరకు ఫ్యామిలీ కోర్టులో 125 కింద అడగవచ్చునన్నారు. ఆ తర్వాత 2024.

దాదాపు నలభై ఆరేళ్ళలో అయిదుసార్లు! రాజ్యాంగం 141వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు చెప్పిన చట్టం దేశంలోని కోర్టులన్నింటికీ శిరోధార్యం. అయినా ప్రతి భర్తా అది తన కేసులోనే మొదటిసారి తేలాలన్నట్టు వాదిస్తాడు. ప్రతి భార్యా ఉన్న హక్కును మొదటి నుంచి గెలుచుకోవాలి. గమనించండి, ఢిల్లీ దాకా పోయిన ఈ తగువు తుది భరణం మీద కాదు, మధ్యంతర భరణం మీద. నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చమని 2001 సవరణే చెప్పిన విషయం. అదే సవరణ భరణానికి ఉన్న 500 రూపాయల గరిష్ఠ పరిమితిని కూడా ఎత్తేసింది.

జస్టిస్ నాగరత్న తీర్పులో నాకు ఎంతో ఇష్టమైన భాగం ఒకటి ఉంది. ఇల్లు చూసుకునే భార్యకు సొంత ఆదాయం ఉండదు, కాబట్టి భర్త ఆమెతో ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవాలి, ఏటీఎం కార్డు ఆమె చేతికి ఇవ్వాలి అని రాశారు. అన్ని మతాల మొగవాళ్ళకూ రాసిన మాట అది. చట్టం నిలబెట్టే తీర్పు వంటింటి ఖర్చుల దాకా దిగి రావడం అరుదు. అది కేసు తేలడానికి అవసరం లేని ముచ్చట అన్నవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. భరణం కేసు పుట్టేదే అక్కడ.

ఇప్పుడు రెండో రకం.

పీడీ యాక్టు అని మనం పొట్టిగా పిలిచే చట్టం 1986 నాటిది. మొదట్లో నాటుసారా కాసేవాళ్ళు, బందిపోట్లు, మత్తుమందుల వాళ్ళు, గూండాలు, వ్యభిచారం నడిపేవాళ్ళు, భూకబ్జాదారులు, ఇంతవరకే. తెలంగాణ వచ్చాక సవరించి నకిలీ విత్తనాల నుంచి పేకాట, సైబర్ నేరాలు, ఆర్థిక నేరాల దాకా చేర్చారు. చట్టం పూర్తి పేరు చదవాలంటే ఊపిరి చాలదు. దీని కింద ఒక మనిషిని విచారణ లేకుండా 12 నెలల వరకు జైల్లో ఉంచవచ్చు. కమిషనర్ ఆర్డరు ఇస్తారు, 12 రోజుల్లో ప్రభుత్వం ఆమోదిస్తుంది, మూడు వారాల్లో ఫైలు అడ్వైజరీ బోర్డుకు పోతుంది. ఆ బోర్డు ముందు వకీలును పెట్టుకునే హక్కు ఖైదీకి లేదు. బెయిలు వచ్చి ఇంటికి చేరిన మనిషి మీద, లేదా రేపోమాపో బెయిలు వస్తుందనుకున్న మనిషి మీద ఈ ఆర్డరు పడడం మన కోర్టుల్లో తిరిగేవాళ్ళందరూ ఎరుగుదురు.

2021 ఆగస్టు 2న జస్టిస్ నారిమన్ ధర్మాసనం అలాంటి ఒక ఆర్డరు కొట్టేసింది. మోసం కేసుల్లో నిందితుడు, బెయిలు మీద ఉన్నాడు. బెయిలు ఇవ్వడం తప్పనిపిస్తే రద్దు చెయ్యమని అడగండి, అంతేగాని పీడీ యాక్టు ఆ పనికి కాదన్నారు. 2022 ఏప్రిల్ 4న జస్టిస్ చంద్రచూడ్ ధర్మాసనం ఇంకొకటి కొట్టేసింది. అది 2021 మేలో పుట్టిన ఆర్డరు. అయిదేళ్ళలో ఈ చట్టం కింద అయిదుకు పైగా ఆర్డర్లను సుప్రీంకోర్టు, ఒక్క ఏడాదిలోనే కనీసం పదింటిని తెలంగాణ హైకోర్టు కొట్టేశాయని లెక్క చెప్పి, బోర్డు ముందు, కోర్టుల్లో సవాలులో ఉన్న డిటెన్షన్లను సమీక్షించుకోమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. 2022 జూన్‌లో గొలుసు దొంగతనాల కేసులో మరొకటి పోయింది.

అయినా 2023 మార్చి 24న హైదరాబాద్ పోలీసు కమిషనర్ మరో ఆర్డరు ఇచ్చారు. జూన్‌లో హైకోర్టు దాన్ని నిలబెట్టింది. ఆ ఖైదీ భార్య సుప్రీంకోర్టుకు వెళ్ళింది. సెప్టెంబరు 4న జస్టిస్ సూర్యకాంత్, జస్టిస్ దీపాంకర్ దత్తా ఆర్డరును రద్దు చేసి, తెలంగాణలో ఇది ప్రమాదకరమైన ధోరణిగా మారిందన్నారు. దేశం స్వాతంత్ర్య అమృతోత్సవాలు చేసుకుంటున్న వేళ ఇక్కడి కొందరు పోలీసు అధికారులకు పౌరుల ప్రాథమిక హక్కుల సంగతే పట్టినట్టు లేదని బాధపడ్డారు. సమీక్షించుకోమన్న పదిహేడు నెలలకు ఈ మాట! మరో ఆరు నెలలకు, 2024 మార్చి 21న, ముగ్గురు న్యాయమూర్తులు అడ్వైజరీ బోర్డుల వైపు తిరిగారు. ముద్ర వేసి పంపడం మీ పని కాదు, ఆర్డరు చట్టం ముందు నిలుస్తుందా అని చూడడమే మీ పని అన్నారు.

ఈ తీర్పులన్నింటికీ ఆధారం 1965లో రామ్ మనోహర్ లోహియా కేసులో చెప్పిన మూడు వృత్తాలు. అన్నిటికన్నా పెద్ద వృత్తం శాంతిభద్రతలు. దాని లోపలిది ప్రజాశాంతి. అన్నిటికన్నా లోపలిది రాజ్య భద్రత. ఒకడు ఒకణ్ణి మోసం చేస్తే, కొడితే అది మొదటి వృత్తం, దానికి మామూలు కేసు, మామూలు విచారణ ఉన్నాయి. బస్తీ బస్తీ జీవితమే చెదిరిపోయేంతటిదైతేనే రెండో వృత్తం, అప్పుడే పీడీ యాక్టు. గీత అంత స్పష్టంగా గీసి దాదాపు అరవై ఏళ్ళయింది.

గొలుసు తెంపుకుపోతే మెడ కోసుకుపోయిన ఆడమనిషి, కబ్జాదారుకు ప్లాటు పోగొట్టుకున్న రిటైర్డ్ ఉద్యోగి ఈ సభలోనే ఉండవచ్చు. వాళ్ళకు పీడీ యాక్టు అంటే ధైర్యం. ఆ ధైర్యాన్ని నేను తక్కువ చెయ్యను. కాని వాళ్ళకు న్యాయం జరిగేది దొంగకు శిక్ష పడినప్పుడు. డిటెన్షన్‌లో శిక్ష లేదు, సాక్షి లేడు, పోయిన సొత్తు తిరిగి రావడం లేదు. ఆర్డరు కొట్టేసిన రోజున అతను నిర్దోషిగా కాదు, విచారణే లేని మనిషిగా బయటికి వస్తాడు. బాధితురాలికి దక్కిందేమిటి?

2021లో, 2022 జూన్‌లో, 2023లో కోర్టుకెక్కినవాళ్ళు ఖైదీల భార్యలే. భరణం కేసులో ఆమె, ఇక్కడ ఈమె. ఒకరికి తిండి, ఒకరికి మనిషి. చట్టం తమ వైపే ఉన్నా, ఆ సంగతి కోర్టు ఎన్నోసార్లు అచ్చేసినా, వీళ్ళు వకీలు ఫీజు కట్టి, ఢిల్లీ దాకా పోయి మళ్ళీ చెప్పించుకోవలసి వచ్చింది. పోలేనివాళ్ళ భర్తలు 12 నెలలూ లోపలే ఉంటారు.

ఎందుకిలా? కొట్టేసిన ఆర్డరుకు దాని మీద సంతకం పెట్టిన అధికారి చెల్లించేదేమీ లేదు. పరిహారం లేదు, సర్వీసు రికార్డులో ఒక గీత లేదు. సుప్రీంకోర్టును కూడా నేను అడగదలచుకున్నాను: 2022లో సమీక్ష చెయ్యమన్నప్పుడే, ఫలానా తారీఖుకు ఆ నివేదిక మా ముందు పెట్టండి అని కట్టడి చేసి ఉంటే 2023లో అంత కఠినంగా రాయవలసి వచ్చేదా?

మిగతా తీర్పుల గురించి తొందరగా చెప్తాను. 2022 ఫిబ్రవరి 7న మణికొండ జాగీరులోని 1,654 ఎకరాలు వక్ఫు కాదు, ప్రభుత్వానివేనని సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడ ఒక్కసారి చెప్పింది, అంతటితో అయిపోయింది. ప్రభుత్వానికి లాభమైన తీర్పు రెండోసారి చెప్పవలసిన అవసరం రాలేదు. వక్ఫు సవరణ చట్టం మీద 2025 సెప్టెంబరు 15న వచ్చిన మధ్యంతర ఉత్తర్వు కొన్ని నిబంధనలను ఆపింది, రిజిస్ట్రేషన్‌ను ఆపలేదు. పాతబస్తీలో చిన్న చిన్న దర్గాలు, ఆషూర్‌ఖానాలు చూసుకునే ముతవల్లీలు వక్ఫును రుజువు చేసే ముంతఖబ్ కాగితాలు వెతికి పెట్టుకోవడం మంచిది.

కూల్చివేతల తీర్పు దగ్గర మాత్రం కాస్త ఆగాలి. 2024 నవంబరు 13న జస్టిస్ గవాయ్, జస్టిస్ విశ్వనాథన్, 15 రోజుల నోటీసు లేకుండా ఇల్లు కూల్చరాదన్నారు. దేశమంతా మెచ్చుకుంది, నేనూ మెచ్చుకున్నాను. కాని అందులోనే ఒక మినహాయింపు ఉంది: రోడ్డు, ఫుట్‌పాత్, రైలుపట్టాల పక్కన, నది, చెరువు వంటి చోట్ల ఉన్న అనధికార కట్టడాలకు ఈ రక్షణ లేదు. ఆ తీర్పుకు కొద్ది వారాల ముందే చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ళ గోడల మీద ఎర్ర అక్షరాలు రాశారు. అవి మూసీ నదీగర్భంలోని ఇళ్ళని గుర్తు. ఏళ్ళ తరబడి ఇంటి పన్ను, కరెంటు బిల్లు కట్టించుకున్న ఇల్లు ఒక్క ఉదయం నది అయిపోతే, ఆ మనిషికి కనీసం 15 రోజులు ఎందుకు ఉండకూడదు? ఈ ప్రశ్న ఎవరైనా గట్టిగా సుప్రీంకోర్టు ముందు పెట్టవలసి ఉంది.

కోర్టు దూరం గురించి కూడా ఒక మాట. 1920లో ప్రారంభమైన మన హైకోర్టు భవనం నుంచి కోర్టు రాజేంద్రనగర్‌కు పోతోంది. నూరు ఎకరాల్లో కట్టే కొత్త భవనానికి 2024 మార్చిలో శంకుస్థాపన అయింది. వసతి అవసరమే. కాని చాంద్రాయణగుట్ట నుంచి, యాకుత్‌పురా నుంచి నడిచి వచ్చే ఆడమనిషికి హెబియస్ కార్పస్ అర్జీ వేసే చోటు ఇక్కడే ఒకటి మిగల్చమని బార్ అడగాలి.

ఈ సభలోని యువ వకీళ్ళకు రెండు పనులు చెప్పి కూర్చుంటాను. 2024 జులై 1 నుంచి 125వ సెక్షన్ కొత్త కోడ్‌లో 144 అయింది. భరణం అర్జీ వేసేటప్పుడు 2020 నవంబరు 4న రజ్నేష్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అడిగిన ఆస్తుల అఫిడవిట్ ఇరుపక్షాల నుంచీ దాఖలైందో లేదో చూడండి, భరణం అర్జీ వేసిన తేదీ నుంచే ఇప్పించమని ప్రార్థనలోనే రాయండి. పీడీ యాక్టు ఆర్డరు చేతికి రాగానే బెయిలు రద్దుకు పోలీసులు అర్జీ పెట్టారా అని మొదట వెతకండి. పెట్టకపోతే, ఆ ఒక్క మాటతోనే అడ్వైజరీ బోర్డుకు వెళ్ళే వినతిపత్రం మొదలుపెట్టండి. బోర్డు ముందు మీరు నిలబడలేరు కాబట్టి, ఆ కాగితం ఆ భార్యకు చదివి వినిపించి, ఆమెకు అర్థమయ్యాకే పంపండి.