గ్లైడరులో హెచ్చరిక పరికరమునకు తగిన చోటు

(ప్రసంగ పాఠము)



ఆకాశము విశాలమైనది, అందు రెండు వాహనములు ఒకదానినొకటి తాకుట అసంభవము వంటిదని సామాన్యముగ తలచుదురు. ఆ తలంపు ఎంత పొరపాటో ఢిల్లీ నగరవాసులకు వేరుగ చెప్పనక్కరలేదు. 1996 నవంబరు 12వ తేదీ సాయంకాలము, ఈ నగరమునకు పడమటనున్న చర్ఖీ దాద్రీ సమీపమున, సౌదీ అరేబియాకు చెందిన బోయింగు 747 విమానమును, కజకిస్తానుకు చెందిన ఇల్యూషిన్ 76 విమానమును గగనమధ్యమున ఢీకొన్నవి. రెండింటిలోనివారు 349 మందియు మరణించిరి. ఆ దుర్ఘటన పిమ్మట భారతదేశమున పెద్ద విమానములు పరస్పరాఘాతమును నివారించు యంత్రమును తప్పక కలిగియుండవలెనను నిబంధన యేర్పడినది.

కాని ఆకాశమున తిరుగు వాహనములన్నియు అట్టి భారీ యంత్రములను మోయజాలవు. గ్లైడరనునది ఇంజనులేని విమానము. వేరొక విమానముచే గాని, నేలపైనుండి త్రాటిని చుట్టుకొను యంత్రముచే గాని పైకి లాగబడి, త్రాడు విడిచిన వెనుక గాలినే నమ్ముకొని యెగురును. ఎండకు కాగిన నేలనుండి వెచ్చని గాలి పైకి లేచుచుండును. ఆ గాలిలో చుట్లు తిరుగుచు గ్లైడరు ఎత్తును సంపాదించుకొనును. నడివేసవిలో గ్రద్దలు రెక్కలాడింపక ఆకాశమున వలయములు తిరుగుట చూచినవారికి గ్లైడరు విద్య సగము తెలిసినట్లే. గాలి యెక్కడ లేచునో గ్రద్దలన్నియు నక్కడికే చేరును. గ్లైడర్లును అంతే. పోటీల దినములలో ఒకే గాలిస్తంభమున పలు గ్లైడర్లు ఒకదానిపై నొకటి తిరుగుచుండుట సాధారణ దృశ్యము. ఆల్ప్స్ పర్వతములందు కొండవాలు వెంబడి లేచు గాలిని పట్టుకొని ఎదురెదురుగ వచ్చుటయు కలదు. కావున గ్లైడరుకు అపాయము విశాలమగు ఆకాశమున కాదు, గాలి అనుకూలముగ నున్న ఇరుకు చోటులందే యెక్కువ.

అట్టి చోట కన్నులు చాలవా యని ప్రశ్నింపవచ్చును. కన్నులే ప్రధానము, అందు సందేహము లేదు. ఐనను కంటికిని హద్దు గలదు. గంటకు 150 కిలోమీటర్ల వేగముతో రెండు గ్లైడర్లు ఎదురెదురుగ వచ్చుచున్నవనుకొందము. వాటి నడుమ దూరము సెకనుకు 83 మీటర్ల చొప్పున తరుగును. ఒకటిన్నర కిలోమీటర్ల దూరము 18 సెకనులలో హరించిపోవును. ఆధునిక గ్లైడరు తెల్లనిది, సన్ననిది. దాని రెక్కలు ఎదుటినుండి చూచిన గీతవలె నుండును. సుమారు రెండడుగుల వెడల్పుగల దాని దేహము ఒకటిన్నర కిలోమీటర్ల దూరమున, మీటరు దూరములో నుంచిన అరమిల్లీమీటరు చుక్క కంటెను పెద్దదిగ కనిపింపదు. అంతకు మించిన చిక్కు మరియొకటి గలదు. మనుష్యుని కన్ను కదలుదానిని వెంటనే పట్టును. స్థిరమైన వేగముతో తిన్నగ వచ్చి తాకబోవు వాహనము మాత్రము కిటికీ అద్దములో నొకేచోట నిలిచినట్లుండును. అది కదలదు, క్రమముగ పెద్దదగును. పెద్దదగుచున్నదని తెలియునప్పటికి మిగులునవి కొలది సెకనులు మాత్రమే.

2003వ సంవత్సరమున ఐరోపాలో గ్లైడర్లు ఢీకొనిన దుర్ఘటనలు పెక్కు జరిగినవి. వాటివలన చింతిల్లిన ఉర్స్ రోథాకర్, ఆండ్రియా ష్లాప్‌బాక్ అను వారు 2004లో స్విట్జర్లాండు దేశమున ‘ఫ్లార్మ్’ అను చిన్న పరికరమును వెలువరించిరి. ప్రయాణికుల విమానములందలి యంత్రమునకు బరువును, విద్యుచ్ఛక్తియు మిక్కిలి కావలెను. అదియు గాక, దగ్గర దగ్గరగ తిరుగుటయే గ్లైడర్ల నైజము. సామీప్యమును చూచి మ్రోగు యంత్రమైనచో అది మధ్యాహ్నమంతయు మ్రోగుచునే యుండును. నిరంతరము మ్రోగు గంటను ఎవరును లక్ష్యపెట్టరు.

ఫ్లార్మ్ పద్ధతి వేరు. అది ఉపగ్రహముల సంకేతములవలన తన స్థానమును, వాయుపీడనమువలన తన యెత్తును గ్రహించును. రానున్న కొలది సెకనులలో తాను ఏ దారిన పోగలదో లెక్కగట్టి, ఆ లెక్కను దాదాపు సెకనుకొకసారి అల్పశక్తిగల రేడియో ద్వారా చాటును. చుట్టుప్రక్కల నున్న ఇతర పరికరములు చాటు దారులను ఆలకించి, తన దారితో సరిచూచుకొనును. రెండు దారులు కలియబోవునని తోచినప్పుడే హెచ్చరించును. సామాన్యముగ తాకుటకు సుమారు 18 సెకనుల ముందు మొదటి హెచ్చరికయు, 13 సెకనుల ముందు రెండవదియు, 8 సెకనుల ముందు తీవ్రమగు మూడవదియు వచ్చును. అపాయము ఏ దిక్కున నున్నదో, పైనో క్రిందనో దీపములచే గాని తెరపై గాని చూపును. కొన్ని గ్లైడర్లలో దీనిని స్థిరముగ బిగింతురు. అద్దె గ్లైడర్లలోను, క్లబ్బు గ్లైడర్లలోను ఎగురువారు మాత్రము ఏరియళ్లతో సహా ఒకే పెట్టెగ నుండు ‘పవర్‌ఫ్లార్మ్ పోర్టబుల్’ వంటిదానిని వెంట తీసికొనిపోవుదురు. అది చిన్న బాటరీలతోను పనిచేయును.

ఇంతవరకు శాస్త్రజ్ఞుల పని. ఇకపై పని గ్లైడరు యజమానిది. ఆ పెట్టెను ఎక్కడ పెట్టవలెను? చూచుటకిది చిన్న ప్రశ్న. చోటున్నచోట పెట్టవచ్చునని తోచును. కచేరీలలో గోడకు తగిలించిన అగ్నిమాపక పరికరము ముందు బీరువాను నిలిపినవారును అట్లే తలతురు. జాబితాలో పరికరమున్నది, తనిఖీలో అది లెక్కకు వచ్చును, నిప్పంటుకొన్ననాడు మాత్రము చేతికందదు.

గ్లైడరు కాక్‌పిట్టు మిక్కిలి ఇరుకైనది. అందు మనిషి కాళ్లు చాచి, వెనుకకు వాలి కూర్చుండును. ముందు పరికరఫలకము, దానిపైన సన్నని చూరువంటి భాగము, తలపైన పారదర్శకమైన మూత ఉండును. ఈ కొలది స్థలమున పెట్టెకు చోటు నిర్ణయించుటకు నాలుగు విషయములు విచారింపవలెను.

మొదటిది, పెట్టె ఆకాశమును చూడవలెను. ఉపగ్రహ సంకేతములు మిక్కిలి బలహీనములు. లోహపు రేకు క్రిందనో, ఫలకము వెనుకనో పెట్టినచో స్థానము సరిగ తెలియదు. తన స్థానము తెలియనిది ఇతరులకు తన దారిని చెప్పజాలదు.

రెండవది, పెట్టె మాటలాడగలుగవలెను, వినగలుగవలెను. ఐరోపాలో ఇది 868 మెగాహెర్ట్జ్ ప్రాంతమున పనిచేయును. ఆ తరంగము పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. దాని ఏరియలు నిలువుగ నుండవలెను, లోహములకును తీగలకును దూరముగ నుండవలెను. ఇచ్చట గ్లైడరు దేనితో చేయబడినదను ప్రశ్న ముఖ్యమగుచున్నది. సఫ్దర్‌జంగులోని పౌరవిమానశాఖ సాంకేతిక కేంద్రమున రూపొంది 1961లో తొలిసారి యెగిరిన ‘రోహిణి’ గ్లైడరు కొయ్యతో చేయబడినది. కొయ్యయు, గాజునారయు రేడియో తరంగములను చాలవరకు పోనిచ్చును. ఆధునిక గ్లైడర్లలో విరివిగ వాడు కార్బన్ నార అట్లు కాదు, అది విద్యుత్తును ప్రసరింపజేయునది గనుక తరంగములకు గోడవలె అడ్డుపడును. కార్బన్ ముక్కుగల గ్లైడరులో పెట్టెను ఫలకము క్రింద అమర్చినచో ముందువైపు దిక్కంతయు మూసికొనిపోవును. కాక్‌పిట్టు అంచున ఒక ప్రక్క బిగించినచో చోదకుని దేహమే రెండవప్రక్కకు అడ్డగును. మనుష్యదేహమున నీరెక్కువ, నీరు ఆ తరంగములను పీల్చుకొనును.

మూడవది, హెచ్చరిక చోదకునికి చేరవలెను. మోకాళ్ల నడుమ వెలుగు దీపమును చూచుటకు తల వంచినవాడు ఆ రెండు సెకనులును బయటి ఆకాశమును చూడడు. 8 సెకనులలో రెండు సెకనులు స్వల్పము కాదు. కావున తెర దృష్టిరేఖకు దగ్గరగ నుండవలెను. అట్లని దృష్టికి అడ్డము రాకూడదు. పెట్టె ఎంత చిన్నదైనను, దూరపు గ్లైడరు దాని వెనుక దాగుటకు చాలును.

నాలుగవది, పెట్టె హాని చేయకూడదు. దిక్సూచికి సమీపమున పెట్టినచో సూచి తప్పుదారి చూపవచ్చును. మూత మూయునప్పుడు తగులకూడదు. అపాయకాలమున మూతను విడిపించు పిడులకు అడ్డము రాకూడదు. దాని తీగ, పారాషూట్‌తో బయటికి దూకువాని కాలికిని చేతికిని చుట్టుకొనునట్లు వ్రేలాడకూడదు. ఊడిన పెట్టె పాదముల క్రిందికి జారి చుక్కాని పెడళ్ల నడుమ ఇరుకుకొన్నచో, కాపాడుటకు తెచ్చినదే ప్రాణము తీయును. కఠినముగ నేలకు దిగినప్పుడు భూమ్యాకర్షణకు 15 రెట్ల శక్తి ముందుకు త్రోసినదనుకొన్నచో, అరకిలో వస్తువు ఏడున్నర కిలోల బరువై మీదికి లేచును. కావున జిగురు కాగితమునో, అద్దమును పీల్చి పట్టుకొను రబ్బరు గిన్నెనో నమ్ముట తగదు. ఎండకు మూత క్రింద వేడి మిక్కుటమగును, పైకెగసినకొలది చలి హెచ్చును. ఆ రెండింటి నడుమ అట్టి పట్టు సడలును.

ఈ నాలుగింటిని సరిచూచిన పిమ్మట పెక్కుమంది చేరునది పరికరఫలకముపైని చూరు మధ్యభాగమే. అచ్చట ఆకాశము తేటగ కనబడును, ఏరియలుకు అడ్డు తక్కువ, తెర కంటికి దగ్గర. దృష్టికి అడ్డము రానంత క్రిందుగ దానిని దింపవలెను. అడుగున గట్టి పలకయు, మరలతో బిగించిన పట్టుకొమ్మయు, అది విడిపోయినను పెట్టె ఎగిరిపోకుండ చిన్న త్రాడును ఏర్పరచుట మేలు. కొన్ని గ్లైడర్లలో మూతతోపాటు ఫలకమును పైకి లేచును. అట్టివానిలో తీగలు మూత కదలికను అనుసరించునట్లు అమర్చవలెను. మరలతో బిగించినది గ్లైడరులో భాగమే యగును గనుక, దేశ నియమముల ననుసరించి అధికారము గల ఇంజనీరు అనుమతి పొందుట విధి.

అమర్చుటతో పని ముగియదు. ఈ పరికరము ప్రయాణములో తాను వినిన సంకేతములను దస్త్రముగ వ్రాసికొనును. ఆ దస్త్రమును పరిశీలించి, ఏ దిక్కున ఎంత దూరమువరకు వినగలిగెనో పటముగ చూపు సాధనమును తయారీదారులే ఏర్పరచిరి. పటమున ఒక దిక్కు కుంచించుకొని కనబడినచో, ఆ దిక్కున అడ్డమున్నదని యర్థము. అప్పుడు పెట్టెను గాని ఏరియలును గాని జరిపి మరల పరీక్షింపవలెను.

ఇంత శ్రమ యెందులకు? ఆ పెట్టె దానిని కొన్నవానికొక్కనికే కాపలా కాదు. పంపుటకు అడ్డమైనది వినుటకును అడ్డమే. ఒక చోదకుడు తన పెట్టెను నిర్లక్ష్యముగ అమర్చెననుకొందము. ఎదుట వచ్చువాడు నియమములన్నియు పాటించినవాడు, తన ఏరియలును చక్కగ నిలిపినవాడు. ఐనను వాని పరికరము మ్రోగదు, మొదటివాని పలుకు వానికి చేరలేదు గదా. ఒకని అశ్రద్ధకు మరియొకడు మూల్యము చెల్లించును.

పలుకవలసిన యంత్రము పలుకకున్న ఏమగునో 2006 ఆగస్టు 28వ తేదీన అమెరికాలోని నెవాడా రాష్ట్రమున వెల్లడియైనది. సుమారు 16,000 అడుగుల యెత్తున ఒక హాకర్ 800 జెట్ విమానము ఏఎస్‌జి 29 గ్లైడరును ఢీకొన్నది. ఆ గ్లైడరులో ట్రాన్స్‌పాండరు అను సంకేతయంత్రము ఉన్నది. బాటరీ మిగుల్చుటకై దానిని ఆపి యుంచిరి. మూగవోయిన యంత్రము నుండి జెట్ విమానమునకు గ్లైడరు జాడ తెలియు మార్గము లేకపోయెను. దైవికముగ ఎవరును మరణింపలేదు. గ్లైడరు చోదకుడు పారాషూట్‌తో దిగెను, ముక్కు చితికిన జెట్ విమానము కార్సన్ సిటీలో నేలకు చేరెను. ఆనాడు గ్లైడరు చోదకునికి బయటికి దూకుటకు దారి తెరచియుండుట ఎంత మేలైనదో యోచించినచో, తీగలనుగూర్చి పైని చెప్పిన జాగ్రత్త అతిశయోక్తి కాదని తెలియును. బాటరీ చాలునా యను ప్రశ్నయు బయలుదేరకముందే తేల్చుకొనవలసినదని తెలియును.

ఇంతచేసినను పరికరమునకు హద్దులు గలవు. ఎదుటివానివద్ద అట్టి పరికరము లేనిచో ఫ్లార్మ్ వానిని వినజాలదు. కొన్ని రకములు ట్రాన్స్‌పాండరు సంకేతములను కూడ గ్రహించును, కాని అదియు లేనివాడు, ఆపివేసినవాడు అదృశ్యుడే. అది చూపు దిక్కు నేలపై గ్లైడరు సాగుచున్న దారినిబట్టి లెక్కించినది. ప్రక్కగాలి బలముగ వీచునప్పుడు ముక్కు ఒక వైపును, దారి మరియొక వైపును ఉండును గనుక, చూపిన దిక్కునకు అటునిటు కూడ వెదకవలెను. కావున పరికరము మౌనముగ నున్నంతమాత్రమున ఆకాశము ఖాళీగ నున్నదని భావింపరాదు. కన్నులు చేయవలసిన పని కన్నులే చేయవలెను.

ప్రాణరక్షణకై ఒక సాధనమును కొనుట సులభము. అది పనిచేయునట్లు దానికి చోటు కల్పించుట, పనిచేయుచున్నదని పలుమారు సరిచూచుకొనుట కష్టము. ఆ కష్టమును పడువాడు తన్నొక్కనినే గాక, తానెన్నడును ఎరుగని మరియొక చోదకుని కూడ ఇల్లు చేర్చుచున్నాడు.