రాజవొమ్మంగి ఠాణా తలుపు



చెఱసాలలు బద్దలైన కథలు లోకమున పెక్కు కలవు. 1789 జూలై 14వ తేదీన పారిసు పౌరులు బాస్టీలు కోటపై బడి అందలి బందీలను విడిపించిరి. ఆనాడు లోపలనున్నవారు ఏడుగురే. అయినను ఫ్రాన్సు దేశము నేటికిని ఆ దినమును జాతీయోత్సవముగ జరుపుకొనుచున్నది. అట్టి దినమొకటి మన మన్యమునకును కలదు. అది 1922 ఆగస్టు 24. ఆ దినమును గూర్చి నాలుగు మాటలు మీకు విన్నవింపదలచితిని.

మొదట కారణము చెప్పవలెను. 1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చినది. తాతతండ్రులనాటి పోడు వ్యవసాయమునకు ఆటంకములు కలిగెను. అడవిలో పుట్టి అడవిలో పెరిగినవానికి అడవిలోని కట్టెపుల్లయే పరాయిదయ్యెను. ముఠాదారుల పూర్వపు పలుకుబడి సన్నగిల్లెను. దీనికితోడు గూడెము డిప్యూటీ తహసీలుదారైన బాస్టియను, నర్సీపట్నమునుండి చింతపల్లికి బాట వేయించుచు, చాలీచాలని కూలికి కొండవారిచే చాకిరి చేయించెను. ఆకలి ఒకవైపు, అవమానమొకవైపు. ఈ రెండును కూడినచోట నిప్పు పుట్టకుండునా?

విశాఖ సీమలోని పాండ్రంగి గ్రామమున జన్మించిన అల్లూరి సీతారామరాజు ఆ కొండవారికి నాయకుడయ్యెను. గాం గంటముదొర, మల్లుదొర సోదరులు ఆయనకు కుడియెడమ భుజములైరి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, ఈ మూడు పోలీసు ఠాణాలపై వారు వరుసగ దాడి చేసిరి. మూడుచోట్లను కలిపి 26 తుపాకులును, 2,500 పైచిలుకు తూటాలును వారి చేజిక్కెను. తీసికొన్న వస్తువుల వివరమును ఠాణా పుస్తకముననే రాజు వ్రాసి పెట్టెనని ప్రసిద్ధి.

ఇంతవరకు బడిపిల్లలకును తెలియును. కాని మూడవ ఠాణాలో తుపాకులే కాక మఱొకటియు నుండెను. మొట్టడం వీరయ్యదొర అను పూర్వపు ఫితూరీ నాయకుడు అక్కడ నిర్బంధమున నుండెను. సీతారామరాజు మనుష్యులు ఆయనను విడిపించిరి. ఆయనయు వారితో కలిసి పోరునకు బయలుదేరెను. తుపాకి చేత బట్టిన తిరుగుబాటు లోకమునకెల్ల కనబడును. చెఱలోని తోడివానిని మఱువని తిరుగుబాటు హృదయమునకు కనబడును. నా మట్టుకు ఆ మూడు దినములలో గొప్పది ఈ మూడవ దినమే.

నేను ఉపాధ్యాయుడనుగా నున్న కాలమున ఈ పాఠము చెప్పుచుండగా ఒక కొండపిల్లవాడు లేచి, “అయ్యా, ఆ తరువాత పట్టుబడినవారిని ఎవరు విడిపించినారు?” అని అడిగెను. తరగతి నిశ్శబ్దమైనది. పుస్తకమున దానికి సమాధానము లేదు. ఆ ప్రశ్నయే నన్ను పలుమాఱు వెదకించినది.

దొరతనమువారు మలబారు పోలీసు పటాలమును, ఆ పిదప అస్సాం రైఫిల్సును మన్యమునకు దింపిరి. 1924 మే 7న సీతారామరాజును పట్టుకొని కొయ్యూరువద్ద కాల్చి చంపిరి. ఏ కృష్ణదేవిపేట ఠాణాపై ఆయన దాడి చేసెనో ఆ కృష్ణదేవిపేటయందే ఆయన సమాధి కలదు. జూన్ మాసమున గంటముదొరయు నేలకొరగెను. అగ్గిరాజను అనుచరుడు అండమాను దీవులకు పంపబడి అక్కడనే అసువులు బాసెను. మల్లుదొర 1923లో పట్టుబడి ద్వీపాంతర శిక్ష అనుభవించి తిరిగివచ్చెను. ఆ మల్లుదొరనే 1952లో విశాఖపట్నము నియోజకవర్గ ప్రజలు లంకా సుందరముగారితోపాటు ప్రథమ లోకసభకు ఎన్నుకొనిరి. ఒకనాడు రాజద్రోహి యనిపించుకొన్నవాడు ఢిల్లీలో శాసనములు చేయు సభయందు కూర్చుండెను. పిల్లవాని ప్రశ్నకు నాకు దొరకిన సమాధానము ఇదియే. స్వాతంత్ర్యము వచ్చి, జనులు తమ ఓటుతో ఆయన గౌరవమును విడిపించిరి.

కాని పేరుగలవారి మాట ఇది. పేరులేనివారి మాటయో? రాజుకు అన్నము పెట్టినవారు, కబురు మోసినవారు, దెబ్బలు తిన్నను త్రోవ చెప్పనివారు, కారాగారమున కాలము చేసినవారు, వీరి పేరులు ఏ శిలాఫలకముననున్నవి? మన పెద్దలు తర్పణము విడుచునపుడు గోత్రనామములు తెలిసినవారితో ఆగరు. నీళ్లు విడుచు దిక్కులేనివారిని సైతము తలచి వారికొక దోసిలి విడుతురు. సంస్మరణమునకు ఇంతకన్న ఉత్తమమైన పద్ధతి నాకు తోపదు.

నేడు మన విశాఖ ఓడరేవుతో, ఉక్కు కర్మాగారముతో మహానగరమైనది. వీధికూడలులలో విగ్రహములు వెలసినవి. 2022 ఏప్రిల్ 4 నుండి అల్లూరి పేర ఒక జిల్లాయే ఏర్పడినది. సంతోషమే. అయితే ఏటేట పూలదండ వేసి ఇంటికి పోవుటతో ఋణము తీరదు. ఏ అన్యాయమునకు వారు లేచిరో అది తీరినదా అని అడుగుట నిజమైన స్మరణము. 2006లో మన పార్లమెంటు అటవీహక్కుల చట్టము చేసి, అడవిబిడ్డలకు చారిత్రకముగ అన్యాయము జరిగినదని ఆ చట్టపు పీఠికలోనే ఒప్పుకొన్నది. సాగుచేయుచున్న భూమిపై హక్కు కోరుటకు గ్రామసభకు అర్జీ పెట్టుకొనవచ్చును. చదువు వచ్చిన పెద్దలు చదువురానివానికి ఆ అర్జీ వ్రాసి పెట్టుడు. అదియు ఒక ఠాణా తలుపు తెఱచుటయే.

ఇంకొక మనవి. మీ ఊర వృద్ధులు తమ తాతలవలన విన్న ఫితూరీ కథలు ఇంకను కొన్ని మిగిలియున్నవి. వారు పోయిన మఱునాడు అవియు పోవును. కనుక ఒక పుస్తకము కుట్టి, ఎవరు చెప్పిరో, వారికెవరు చెప్పిరో వివరముగ వ్రాసికొనుడు. విన్నది విన్నట్లు, సర్కారు కాగితమునందున్నది ఉన్నట్లు, వేఱువేఱుగ నుంచుడు. పాటలో పెరిగిన మాటను చరిత్రగ చేయవలదు, చరిత్రలో చోటు దొరకలేదని పెద్దల మాటను పారవేయను వలదు. ఆగస్టు 24న బడిపిల్లలను రచ్చబండవద్ద కూర్చుండబెట్టి దానిని చదివి వినిపింపుడు. ఖర్చేమియు లేదు. ఒక సాయంకాలము చాలును.

వీరయ్యదొరకు ఒకనాడు తలుపు తెఱచినవారున్నారు. మఱుపు అను చెఱలోనున్నవారికి తలుపు తెఱువవలసినవారము మనము. ఆ పని మీ చేతుల మీదుగ జరుగుగాక.